తుంటి, పిక్క, పాదం: మర్దన ఎక్కడ మేలు, ఎక్కడ కీడు

(సొసైటీ వార్షిక సభలో మా ఫిజియోథెరపీ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

గుండె గురించో, షుగరు గురించో మాట్లాడమంటే అందరూ శ్రద్ధగా వింటారు. కాళ్ళనొప్పులకు కూడా ఒక ప్రసంగమా అని కొందరు అనుకోవచ్చు. కానీ మన కోస్తాలో ఏ ఇంట్లోనైనా సంపాదన ఆగిపోయిందంటే, చాలాసార్లు ముందు ఆగింది కాలే. ఇందుకూరుపేట, విడవలూరు కయ్యల్లో రోజంతా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడే పిల్లలు, ఇసకపల్లి ఉప్పు మళ్ళల్లో ఉప్పు లాగే కూలీలు, పట్టపుపాలేల్లో ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుండగా వల గుంజే మత్స్యకారులు, నెల్లూరు వీధుల్లో పన్నెండేసి గంటలు మిషను తొక్కే దర్జీ సోదరులు, వీళ్ళందరి బతుకూ తుంటి నుంచి అరికాలి దాకా ఉన్న కండరాల మీదే నడుస్తోంది.

కాలు నొప్పి పుడితే మన ఇళ్ళల్లో మొదట జరిగేది మర్దన. నువ్వులనూనె వెచ్చచేసి, కాస్త కర్పూరం కలిపి, కోడలో మనవరాలో కాళ్ళు పడుతుంది. ఇది మంచి అలవాటు. దీన్ని మాన్పించడానికి మేము రాలేదు. ఏ కాలికి చెయ్యి వేయాలి, ఏ కాలి మీద నుంచి చెయ్యి తీసేయాలి అన్నది చెప్పడానికే వచ్చాం. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్ల కొందరు మంచాన పడ్డారు, కొందరు కాళ్ళు పోగొట్టుకున్నారు. అందుకే ఈ మాటలు కాస్త ఓపికగా వినండి.

మర్దన పాతదే

మర్దన ఎవరో కొత్తగా తెచ్చిన విద్య కాదు. ఆయుర్వేదంలో అభ్యంగం ఉంది. యునానీలో దీన్ని 'దల్క్' అంటారు. వెయ్యేళ్ళ నాటి ఇబ్న్ సీనా, అంటే 980లో పుట్టి 1037లో కన్నుమూసిన ఆ మహావైద్యుడు, తన 'కానూన్' గ్రంథంలో మర్దన రకాలను విడివిడిగా చర్చించాడు. గట్టిగా రుద్దితే ఒక ఫలితం, మెత్తగా రుద్దితే మరో ఫలితం, ఎక్కువసేపు రుద్దితే ఇంకో ఫలితం అన్న విభజన గ్రీకు వైద్యుల నుంచి యునానీ వైద్యుల దాకా ఉంది. మన రాష్ట్రంలో కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఈ సంప్రదాయాన్ని నేటికీ చదివిస్తోంది.

మీలో చాలామందికి తెలియని ఒక పేరు చెబుతాం. షేక్ దీన్ ముహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యం వెంట తిరిగి, 1784లో ఐర్లండు చేరాడు. 1810లో లండనులో భారతీయ వంటకాల హోటలు పెట్టి నష్టపోయాడు. ఆ తర్వాత బ్రైటన్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఆవిరిస్నానం, మర్దన చేసే స్నానశాల నడిపాడు. మన 'చాంపీ' అక్కడ 'షాంపూ' అయింది. ఇవాళ మనం తలకు రాసుకునే షాంపూ పేరు అసలు మర్దన పేరే. ఇంగ్లండు రాజులు నాలుగో జార్జి, నాలుగో విలియం ఇద్దరికీ ఆయన మర్దన వైద్యుడిగా పనిచేశాడు. 1851లో చనిపోయాడు.

నయమైన రోగులు వదిలి వెళ్ళిన ఊతకర్రలు ఆయన స్నానశాలలో ప్రదర్శనకు పెట్టి ఉండేవట. అది వింటే మనకు గర్వం కలుగుతుంది. కానీ వైద్యం చేసే మాబోటి వాళ్ళకు ఒక హెచ్చరిక కూడా వినిపిస్తుంది. నయమైనవాళ్ళ కర్రలే గోడ మీదికి ఎక్కుతాయి. నయం కానివాళ్ళు తమ కర్ర పట్టుకునే ఇంటికి వెళ్ళిపోతారు, వాళ్ళ లెక్క ఏ గోడ మీదా ఉండదు. ఫలానా ఆయన చేతివాసి మంచిదని పది మంది చెప్పినప్పుడు, పదకొండో మనిషి ఏమయ్యాడో కూడా అడగాలి.

రుద్దితే లోపల ఏం జరుగుతుంది?

'నరం మీద నరం ఎక్కింది', 'నరం పట్టేసింది' అని మా దగ్గరకు వచ్చేవాళ్ళు రోజూ అంటుంటారు. నరం మీద నరం ఎక్కదు. మీ వేలికి తాడులా తగిలేది దాదాపు ఎప్పుడూ బిగుసుకున్న కండరమో, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీయో. అతిగా పనిచేసినా, ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉన్నా కండరం బిగుస్తుంది. బిగిసిన కండరం నొప్పి పుట్టిస్తుంది, నొప్పి వల్ల మనిషి కదలడు, కదలకపోతే అది ఇంకా బిగుస్తుంది.

మర్దన ఈ చక్రాన్ని ఒకచోట తెంపుతుంది. చర్మం మీద, కండరం మీద పడే ఒత్తిడి నరాల ద్వారా మెదడుకు చేరి నొప్పిని తగ్గిస్తుంది. కండరం సడలుతుంది. అంతవరకే. మర్దన ఎముకను అతికించదు, జారిన డిస్కును లోపలికి నెట్టదు, అరిగిన కీలుకు కొత్త గుజ్జు పుట్టించదు. అది ఇచ్చే హాయి కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు ఉంటుంది. ఆ హాయి ఉన్న సమయంలో కాలును సాగదీసి, బలం పెంచే కసరత్తు చేస్తేనే ఫలితం నిలుస్తుంది. అందుకే మేము ఎప్పుడూ అనే మాట, మర్దన తలుపు తీస్తుంది, లోపలికి నడవాల్సింది మనమే.

ఒత్తిడికి ఒక కొలత పెట్టుకోండి. నొప్పికి పది మార్కులు అనుకుంటే, మర్దన చేసేటప్పుడు అది నాలుగైదు దాటకూడదు. రుద్దించుకునే మనిషి ఊపిరి బిగబట్టినా, పళ్ళు కొరికినా చెయ్యి తేలిక చేయాలి. మర్నాటికి చర్మం కమిలినా, నొప్పి పెరిగినా చేసిన ఒత్తిడి ఎక్కువైనట్టు. 'నొప్పి పుడితేనే పనిచేస్తుంది' అన్నది నిజం కాదు.

మడమ

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉండటం, నాలుగడుగులు నడిచాక కాస్త తగ్గడం, ఈ బాధ మన ఆడవాళ్ళలో చాలా ఎక్కువ. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. గచ్చు మీద వట్టికాళ్ళతో రోజంతా నిలబడితే అది దెబ్బతింటుంది. ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లు పెరిగిందని చెబితే భయపడకండి. నొప్పి లేనివాళ్ళకు కూడా ఆ ముల్లు ఉంటుంది. పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది లోపు ఆపరేషను లేకుండానే తగ్గిపోతుంది.

చేయవలసింది ఇది. నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకోండి. చేత్తో కాలివేళ్ళను వెనక్కి, ముంగాలి వైపు లాగండి. అరికాలిలో తాడులా ఒకటి బిగుస్తుంది. 10 లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. మొదటి పూట మాత్రం పొద్దున మంచం దిగకముందే చేయాలి. వేళ్ళు అలా లాగి ఉంచినప్పుడే రెండో చేతి బొటనవేలితో ఆ తాడు వెంట మెల్లగా రుద్దితే ఇంకా మంచిది. పలుచటి హవాయి చెప్పులు మార్చి, మడమ కింద మెత్తగా ఉన్నవి వేసుకోవాలి. ఇంట్లో కూడా వేసుకోవాలి.

నమాజులో కూర్చున్నప్పుడు కుడి పాదాన్ని నిలిపి వేళ్ళను మడిచే పద్ధతి ఉంది కదా. అప్పుడు సాగేది కూడా ఈ పట్టీయే. నొప్పి ఉన్నవాళ్ళు నమాజుకు ముందు రెండు నిమిషాలు ఈ కసరత్తు చేసుకుంటే కూర్చోవడం సులువవుతుంది.

పిక్క

మడమ నొప్పికీ, మోకాలి వెనక లాగడానికీ చాలాసార్లు మూలం పిక్కలో ఉంటుంది. మడమ దగ్గర మొదలుపెట్టి పైకి, గుండె వైపుగా, అరచేతితో తోసుకుంటూ రండి. మోకాలి వెనక గుంటలో మాత్రం ఒత్తకండి. అక్కడ రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి. ఒక్కో కాలికి ఐదు నిమిషాలు చాలు. తర్వాత గోడకు చేతులు ఆనించి, ఆ కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించే ఉంచి ముందుకు వాలండి. 30 లెక్కపెట్టండి. మూడుసార్లు చేయండి. నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు గట్టు మీదే, తాటిచెట్టుకు చేతులు ఆనించి చేసుకోవచ్చు.

రాత్రిపూట పిక్క పట్టేస్తే పిసకడం కంటే ముందు మోకాలు చాపి, పాదాన్ని తమ వైపు లాక్కోవాలి. పట్టు వదిలాక మెల్లగా రుద్దాలి.

నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే పోయి, మళ్ళీ అంతే దూరం నడిస్తే మళ్ళీ పట్టేస్తోందంటే అది కండరం జబ్బు కాకపోవచ్చు. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో కాలికి రక్తం మోసే నాళాలు ఇరుకైనప్పుడు ఇలా జరుగుతుంది. అక్కడ కావలసింది నూనె కాదు, డాక్టరు. పొగ మానడం.

తుంటి

'తుంటి నొప్పి' అని వచ్చినవాళ్ళను మేము ఒకటే అడుగుతాం: వేలు పెట్టి చూపించండి. మూడుచోట్లలో ఒకచోట చూపిస్తారు.

గజ్జల్లో చూపిస్తే సాధారణంగా అసలు కీలులోనే తేడా ఉంది. ఆ కీలు లోతుగా ఉంటుంది, పైనుంచి రుద్దే చెయ్యి దాన్ని చేరదు. ఎక్స్‌రే తీయించాలి. చిన్న వయసువాళ్ళలో కూడా తుంటి బంతికి రక్తం అందక ఎముక దెబ్బతినే జబ్బు ఉంది. ఎక్కువకాలం స్టెరాయిడ్ మందులు వాడినవాళ్ళలో, మద్యం అతిగా తాగేవాళ్ళలో అది ఎక్కువ. దాన్ని వాతం నొప్పి అనుకుని నెలల తరబడి నూనెలు రాస్తే కీలు కుంగిపోతుంది.

పక్కన, ఎముక బయటికి తగిలేచోట చూపిస్తే, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతుంటే, అక్కడి పట్టీలు దెబ్బతిన్నట్టు. ఆ ఎముక మీదే గట్టిగా రుద్దకూడదు. దానికి పైన, పిర్ర కండరం మీద మెత్తగా మర్దన చేసి, పడుకునేటప్పుడు రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. నిలబడేటప్పుడు ఒక కాలి మీదే బరువు వేసి ఒరగడం మానాలి.

పిర్రలో చూపించి, అక్కడి నుంచి కాలు కిందికి కరెంటు పాకినట్టు ఉందంటే అది నడుము నుంచి దిగే పెద్ద నరం బాధ. పిర్ర మీద తేలికపాటి మర్దన చేయవచ్చు, మెల్లగా నడవవచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ నడుము ఎక్కి తొక్కించడం, కాలు పట్టి గుంజించడం వద్దు.

ఈ సందర్భంలో మన జిల్లా గురించి ఒక మాట. నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకలను బిగించేస్తుందని మన దేశంలో మొదట వైద్య పత్రికకు ఎక్కింది 1937లో. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ విషయం రాసింది నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. ఆ ప్రాంతంలో కొంత ఇవాళ ప్రకాశం జిల్లాలో ఉంది. మెట్ట నుంచి కోస్తాకు పనికి వచ్చినవాళ్ళలో నడుము, తుంటి, మోకాళ్ళు కొయ్యలా బిగిసినవాళ్ళు కనిపిస్తే, అది కండరం బిగువు కాకపోవచ్చు. ఎముకే గట్టిపడి ఉండవచ్చు. అలాంటి వెన్నును బలవంతంగా వంచితే నరాలు నలిగిపోయే ప్రమాదం ఉంది.

చెయ్యి వేసే ముందు ఏడు ప్రశ్నలు

మర్దన చేసేవాళ్ళు హకీం గారైనా, తాలీం నేర్చిన పహిల్వాన్ అయినా, ఇంట్లో కోడలైనా, మా బృందంలోని వాళ్ళైనా ముందు ఈ ఏడూ అడగాలి.

ఒకటి, పడ్డారా? అరవై దాటిన మనిషి బాత్రూములో జారిపడి లేవలేకపోతే, ఆ కాలు రెండో కాలికంటే పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి ఉంటే, తుంటి ఎముక విరిగిందనే అనుకోవాలి. కదపకుండా 108కి ఫోను చేయాలి.

రెండు, ఒక కాలే వాచిందా? ఆపరేషను తర్వాత, కాన్పు తర్వాత, చాలారోజులు మంచంలో ఉన్న తర్వాత ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ప్రాణం పోవచ్చు.

మూడు, జ్వరం ఉందా, కాలు ఎర్రబడిందా? చిన్నపిల్లవాడు జ్వరంతో ఉండి కాలు నేలకు ఆనించనంటే తుంటి కీలులో చీము చేరి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాలుగు, షుగరు ఉందా, అరికాలికి స్పర్శ తగ్గిందా? స్పర్శ లేని పాదానికి వేడి కాపడం పెట్టకూడదు. కాలుతున్నా వాళ్ళకు తెలియదు. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే కుష్ఠు పరీక్ష కూడా చేయించాలి. దానికి పూర్తిగా నయమయ్యే మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఐదు, పుండు, పగులు, చీము ఉన్నాయా? ఉంటే ఆ చోట చెయ్యి వేయకూడదు.

ఆరు, గడ్డ పెరుగుతోందా, రాత్రిళ్ళు నొప్పి నిద్ర లేపుతోందా? ముఖ్యంగా ఎదిగే వయసు పిల్లల్లో మోకాలి పైనో కిందో వాపు రోజురోజుకూ పెరుగుతుంటే అది ఆటల్లో తగిలిన దెబ్బ అని రుద్దకండి. ఎముక క్యాన్సరు కావచ్చు. ముందు ఎక్స్‌రే.

ఏడు, పాదం జారుతోందా, మూత్రం ఆగిందా? నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం రాకపోవడం, ఇవి నరం నలిగిపోతోందన్న గుర్తులు. గంటలు లెక్కపెట్టుకోవలసిన పరిస్థితి.

ఈ ఏడింటికీ 'లేదు' అని జవాబు వస్తేనే నూనె గిన్నె దగ్గరకు తీసుకోండి.

మొదటి ప్రశ్న దగ్గర మళ్ళీ ఒక నిమిషం ఆగుతాం. ఎందుకంటే మాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. నానీమా పడింది, ఎముక విరగలేదులే, బెణికిందంతే అని ఇంట్లోనే మూడు వారాలు తైలం రాసిన కుటుంబాలను చూస్తున్నాం. అది నిర్లక్ష్యం కాదు. ఈ వయసులో ఆపరేషను ఎందుకు, తట్టుకోలేదేమో అన్న భయం. ఖర్చు భయం. ఆమె కూడా 'నాకేం ఫర్వాలేదు, ఆసుపత్రి వద్దు' అనే అంటుంది. నిజం దీనికి ఎదురుగా ఉంది. వృద్ధాప్యంలో తుంటి విరిగి మంచానికి అంటుకుపోయిన మనిషికి ఒరుపు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది. సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది లోపే వెళ్ళిపోతున్నారని ప్రపంచమంతటా లెక్కలు చెబుతున్నాయి. సాధ్యమైనంతవరకు రెండు రోజుల్లోపే ఆపరేషను చేసి, మర్నాడే లేపి నిలబెట్టాలన్నది నేటి వైద్యం. నూనె రాస్తూ గడిపిన ప్రతి రోజూ ఆమె నడిచే రోజుల్లోంచే పోతుంది.

విరిగిన ఎముకకు కట్టు కట్టించుకునే అలవాటు మన వైపు బలంగా ఉంది. పుత్తూరు కట్టు పేరు తెలియని ఇల్లు లేదు. ఎవరు కట్టినా ఒక్కటి గుర్తుంచుకోండి. కట్టు కట్టాక వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి భరించలేనంతగా పెరిగినా తెల్లారేదాకా ఆగకుండా కట్టు విప్పించాలి. రక్తం ఆగిన కాలు కొన్ని గంటలకంటే ఎక్కువ బతకదు.

బోదకాలు

కోస్తాలోని మరికొన్ని జిల్లాల లాగే నెల్లూరు కూడా బోదకాలు ఉన్న జిల్లాయే. ఈ జబ్బును దోమ మోస్తుంది. దేశంలో దీని నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఏటా ఊరంతటికీ మాత్రలు మింగించే పద్ధతి వచ్చింది. మాత్రలు పురుగును చంపుతాయి, కొత్తవాళ్ళకు పాకకుండా ఆపుతాయి. అప్పటికే పెరిగిన వాపును మాత్రం పూర్తిగా తగ్గించలేవు.

ఆ వాపును గట్టిగా పిసికితే తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. పాడైన చర్మం చిట్లి క్రిములు లోపలికి పోతాయి. బోదకాలికి అసలు వైద్యం సబ్బు, నీళ్ళు. రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు మెత్తటి గుడ్డతో పూర్తిగా తడి లేకుండా తుడవాలి. రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ళకు ఆ సందుల్లోనే చర్మం నాని పాసిపోతుంది, అక్కడి నుంచే క్రిములు దూరి చలిజ్వరం వస్తుంది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. చీలమండను పైకీ కిందికీ, గుండ్రంగా తిప్పుతుండాలి. పిక్క కండరం ఆడితే నీరు పైకి నడుస్తుంది. ఈ వాపుకు ఒక ప్రత్యేకమైన మర్దన ఉంది కానీ అది చర్మం మీద ఈక ఆడించినంత తేలికగా ఉంటుంది, శిక్షణ పొందినవాళ్ళే చేయాలి. చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడిన రోజుల్లో మర్దనా వద్దు, కసరత్తూ వద్దు. తడిగుడ్డ వేసి, విశ్రాంతి ఇచ్చి, డాక్టరుకు చూపించాలి.

బోదకాలు ఉన్న మనిషి సభల్లో వెనక వరుసలో కూర్చుంటాడు. పెళ్ళికి పిలిచినా రాడు. ఆ మనిషి కాలు కడగడానికి ఇంట్లో ఒకరు నీళ్ళు పోస్తే, మందు ఎంత పనిచేస్తుందో అదీ అంతే పనిచేస్తుంది.

పుట్టుకతో వంకరపాదం

దాదాపు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డ పాదం లోపలికి తిరిగి పుడుతుంది. గ్రహణం వల్లనో, తల్లి తప్పు వల్లనో కాదు. స్నానం పోసేటప్పుడు నూనె రాసి నొక్కుతుంటే సరిపోతుందని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ నొక్కడంలో ఒక నిజం ఉంది. పసిపాదంలో పట్టీలు మెత్తగా సాగుతాయి. అమెరికాలోని అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటి అనే స్పెయిన్ దేశపు వైద్యుడు ఈ నిజం మీదే తన పద్ధతిని కట్టాడు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. వారానికోసారి పాదాన్ని మెల్లగా సరిచేసి, సరిచేసినంతవరకు పిండికట్టు వేశాడు. సాధారణంగా ఐదారు కట్లు. చాలామందికి చివర మడమ పట్టీ మీద చిన్న కోత. ఆపైన ప్రత్యేకమైన బూట్లు, మొదటి మూడు నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్ళ వయసు దాకా రాత్రిపూట. ఇంటి నూనె సరిచేసింది సాయంత్రానికి మళ్ళీ వంకరపోతుంది. పిండికట్టు దాన్ని నిలబెడుతుంది. మొదటి వారాల్లోనే పెద్దాసుపత్రి ఎముకల విభాగానికి తీసుకెళితే ఆ బిడ్డ అందరు పిల్లల్లాగే పరుగెత్తుతుంది.

పెద్దవాళ్ళు, కుర్చీ

రోజుకు 17 రకాతుల ఫర్జ్ నమాజులో 34 సజ్దాలు ఉంటాయి. అంటే రోజూ అన్నిసార్లు తుంటి, మోకాలు, చీలమండ పూర్తిగా మడిచి లేవడం. ఇంత కదలిక అలవాటున్న పెద్దవాళ్ళు కాస్త నొప్పి రాగానే కుర్చీకి మారితే, ఆ కదలిక ఒక్కసారిగా ఆగిపోతుంది. తొడ కండరం క్రమంగా కరుగుతుంది, ఆ తర్వాత కుర్చీలోంచి లేవడమూ కష్టమవుతుంది. ఎవరు కుర్చీలో చేయవచ్చన్నది ఆలిములు చెప్పవలసిన విషయం, మా పని కాదు. మేము చెప్పేది కాలి గురించి. కుర్చీ తప్పనిసరైనవాళ్ళు రోజుకు రెండుపూటలా, చేతులు ఆనించకుండా ఆ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. తొడ ముందుభాగాన్ని ఐదు నిమిషాలు మర్దన చేయించుకున్నాక చేస్తే సులువుగా ఉంటుంది.

సొసైటీకి మూడు విన్నపాలు

మొదటిది, ఆ ఏడు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాయించి కార్యాలయం గోడకు, అనుమతి ఇచ్చిన మసీదుల వరండాల్లో పెట్టించండి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది, పడిపోయిన వృద్ధులను అదే రోజు ఎక్స్‌రేకు చేర్చడానికి కొంత సొమ్ము విడిగా ఉంచండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు కాగితాలు చూసుకోవడానికి, పెద్దాసుపత్రిలో వెంట ఉండటానికి ఒక వాలంటీరును ఏర్పాటు చేయండి. కుటుంబాన్ని ఆపుతున్నది చాలాసార్లు ఆపరేషను ఖర్చు కాదు, ఆ మొదటి రోజు ఆటో ఖర్చు, ఎవరిని అడగాలో తెలియకపోవడం. వాడి పక్కన పడేసిన వాకర్లు, ఊతకర్రలు ఇళ్ళల్లో ఉంటాయి. వాటిని సేకరించి అరువు ఇవ్వండి.

మూడోది, ఒక్కో వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్ళను ఎంపిక చేయండి. ఆడవాళ్ళు తమ తుంటి నొప్పి మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడి ఏళ్ళ తరబడి ఓర్చుకుంటున్నారు. ఆ ఇద్దరికీ మర్దన, కసరత్తులు, బోదకాలు కడిగే పద్ధతి, షుగరు పాదం పరీక్ష మా బృందంలోని సోదరీమణులు ఉచితంగా నేర్పుతారు. కంచం, నూనె, సబ్బు, తువ్వాలు ఉంటే చాలు. ఇప్పటికే కాళ్ళు పట్టడంలో చేయి తిరిగిన ముసలమ్మలు మీ వీధుల్లో ఉంటారు. ముందు వాళ్ళనే పంపండి. వాళ్ళ చేతులకు మేము కొత్తగా నేర్పేది తక్కువ. ఆ ఏడు ప్రశ్నలు మాత్రం వాళ్ళ నోటికి రావాలి.

ఇవాళ ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ పాదాలు వెలుతురులో చూడండి. అరికాలు, మడమ, వేళ్ళ సందులు. షుగరు ఉన్న మనిషి అయితే రోజూ చూడండి. అక్కడ ఏముందో వాళ్ళకు కనిపించదు, వంగి చూసుకోలేరు, కొందరికి స్పర్శ కూడా తెలియదు. చూశాక, అడగవలసినవి అడిగాక, అప్పుడు నూనె తీయండి.